బ్రూక్లిన్ వంతెన: మన దిక్కు నుంచి పోయేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

న్యూజెర్సీలో ఉన్న కొడుకు దగ్గరికో బిడ్డ దగ్గరికో ఆర్నెల్లు పోయివచ్చే తల్లిదండ్రులు ఇప్పుడు హనుమకొండ, వరంగల్, కరీంనగర్, జగిత్యాలలో వాడవాడనా ఉన్నారు. పిల్లలు వాళ్లను శనివారం పూట బ్రూక్లిన్ వంతెన మీదికి తీసుకుపోతారు. నాలుగు ఫోటోలు దిగి, కాళ్లు నొస్తున్నాయని తిరిగి వస్తారు. ఆ వంతెన అసలు కథ పైన కనిపించే స్తంభాల్లో కంటే నీళ్ల కింద, తీగల లోపల ఎక్కువ ఉంది. పోయేముందు పెద్దలు అడిగేవి, సివిల్ చదివే పిల్లలు అడిగేవి కలిపి ఇక్కడ జవాబులు రాశాను.

రెండు నగరాలను కలిపిన వంతెన అంటారు. రెండు దిక్కులా న్యూయార్కే కదా?

ఇప్పుడు అంతా న్యూయార్కే. కట్టేనాడు కాదు. నడుమ ఉన్న ఈస్ట్ రివర్‌కు పడమర న్యూయార్క్, అంటే నేటి మన్‌హాటన్. తూర్పున బ్రూక్లిన్. దానికి వేరే మేయర్, వేరే ఖజానా. 1880 జనాభా లెక్కల్లో న్యూయార్క్‌లో 12 లక్షల మంది, బ్రూక్లిన్‌లో 5 లక్షల 66 వేల మంది ఉన్నారు. అప్పటి అమెరికాలో బ్రూక్లిన్ మూడో పెద్ద నగరం. కాబట్టి దీన్ని ఒక ఊరి రెండు వాడల మధ్య వంతెన అనుకోవద్దు.

వంతెన 1883లో తెరిచారు. పదకొండేళ్ల తర్వాత, 1894లో, రెండు ఊళ్లను కలపాలా వద్దా అని ఓటింగ్ పెట్టారు. బ్రూక్లిన్‌లో కలపాలన్న పక్షం గెలిచింది కేవలం 277 ఓట్ల తేడాతో. 1898 జనవరి 1 నుంచి ఒకే నగరం. బ్రూక్లిన్ పాతకాపులు చాలా ఏళ్లు దాన్ని పెద్ద తప్పిదమనే అన్నారు. వరంగల్, హనుమకొండ, కాజీపేట ఒకే కార్పొరేషన్ కింద ఉన్నా ఎవరి ఊరు వాళ్లదేనని వాదించే మనవాళ్లకు ఆ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

మొదట్లో దాని పేరు కూడా న్యూయార్క్ అండ్ బ్రూక్లిన్ బ్రిడ్జి. బ్రూక్లిన్ బ్రిడ్జి అని అధికారికంగా ఖాయం చేసింది 1915లో.

పడవలు ఉండేవి కదా, వంతెన దేనికి?

ఈస్ట్ రివర్ అని పిలుస్తారు కానీ అది నది కాదు, సముద్రపు పాయ. ఆటుపోట్లు, అడ్డదిడ్డమైన ప్రవాహం, మంచు. 1866-67 చలికాలంలో మంచు గడ్డలు కట్టి ఫెర్రీలు ఆగిపోయాయి. రోజూ పనికి పోయేవాళ్లు ఒడ్డునే ఉండిపోయారు. 1867 ఏప్రిల్‌లో వంతెన కంపెనీకి చట్టం వచ్చింది. ఓడల తెరచాప కొయ్యలు కింది నుంచి పోవాలి, నీళ్ల మధ్యలో స్తంభం ఉండొద్దు. ఈ రెండు షరతులకు ఆ రోజుల్లో వేలాడే వంతెన ఒక్కటే దారి.

వంతెన కట్టింది రోబ్లింగ్ అంటారు. రోబ్లింగ్ అంటే ఒక్కరా, ముగ్గురా?

ముగ్గురు. తండ్రి జాన్ రోబ్లింగ్ 1806లో ప్రష్యాలోని మ్యూల్‌హౌజెన్‌లో పుట్టి, 1831లో అమెరికా వచ్చాడు. ఇనుప తీగలతో తాళ్లు పేనే కార్ఖానా పెట్టాడు. 1855లో నయాగరా మీద రైలు పోయే వేలాడే వంతెన కట్టాడు. 1866లో తెరిచిన సిన్సినాటి వంతెన కూడా ఆయనదే. అదీ రెండు ఊళ్లను కలిపేదే: ఒహాయో నదికి ఇటు సిన్సినాటి, అటు కవింగ్టన్.

బ్రూక్లిన్ వంతెనకు కొలతలు తీసుకుంటూ 1869 జూన్‌లో ఆయన ఫెర్రీ రేవులో నిలబడ్డాడు. వచ్చిన పడవ రేవు కొయ్యలను గుద్దింది, మధ్యలో ఆయన పాదం నలిగింది. వేళ్లు తీసేశారు. డాక్టర్లను నమ్మక నీళ్ల వైద్యమే చాలన్నాడు. ధనుర్వాతం వచ్చి జులై 22న పోయాడు. అప్పటికి వంతెనకు ఒక్క రాయి కూడా పడలేదు.

కొడుకు వాషింగ్టన్ రోబ్లింగ్ 32 ఏళ్ల వయసులో చీఫ్ ఇంజినీరు అయ్యాడు. కోడలు ఎమిలీ సంగతి కిందికి వస్తుంది.

కరీంనగర్ కేబుల్ బ్రిడ్జి, లక్నవరం వంతెన, ఇది... మూడూ ఒకటే తీరా?

కాదు. మానేరు మీద 2023 జూన్‌లో తెరిచిన కరీంనగర్ బ్రిడ్జిలో తీగలు స్తంభం నుంచి ఏటవాలుగా, తిన్నగా వచ్చి రోడ్డును పట్టుకుంటాయి. హైదరాబాద్ దుర్గం చెరువుదీ అదే పద్ధతి. లక్నవరంలో ద్వీపానికి నడిచిపోయేది వేలాడే వంతెన. రెండు గుంజల మీదుగా తాడు వదులుగా వేసి, దాని రెండు కొసలను బండరాళ్లకు కట్టి, ఆ తాడుకు బట్టలు వేలాడదీసినట్టు ఉంటుంది దాని లెక్క. తాడు లాగే బలమంతా చివరి బండల మీద పడుతుంది.

బ్రూక్లిన్‌లో రెండు పద్ధతులూ ఉన్నాయి. నాలుగు పెద్ద కేబుళ్లు స్తంభాల మీదుగా వంగి దిగుతాయి. ఒక్కో కేబుల్ మందం 15 అంగుళాలకు పైనే. వాటి కొసలను పట్టుకున్న రాతి కట్టడాలు ఒక్కోటి దాదాపు 60 వేల టన్నులు. ఇవి కాక స్తంభం తల నుంచి ఏటవాలు తీగలు విసనకర్రలా విచ్చుకొని రోడ్డును పట్టుకుంటాయి. ఫోటోల్లో సాలెగూడులా కనిపించేది ఈ రెండు రకాల తీగలు ఒకదాన్నొకటి దాటడం వల్లే. పెద్ద కేబుళ్లు తెగినా ఏటవాలు తీగలే రోడ్డును పట్టి ఉంచుతాయని, మధ్యలో కుంగుతుందే తప్ప పడిపోదని జాన్ రోబ్లింగ్ తన నివేదికలో రాశాడు. అందం కోసం పెట్టినవి కావు అవి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత అక్కరకొస్తుంది.

మధ్య దూరం, అంటే స్తంభానికీ స్తంభానికీ నడుమ, 1,595 అడుగుల 6 అంగుళాలు. 1903లో పక్కనే విలియమ్స్‌బర్గ్ వంతెన వచ్చేదాకా ప్రపంచంలో ఇంత పొడుగు వేలాడే వంతెన లేదు. స్తంభాలు నీటి మట్టం నుంచి సుమారు 276 అడుగులు.

అంత నీళ్లల్ల పునాది ఎట్ల తీసిండ్రు?

అడగాల్సిన ప్రశ్న ఇదే. కైసన్ అనే పెట్టె కట్టారు. కలపతో, పైకప్పు ఉండి అడుగు లేని పెట్టె. బోర్లించిన గిన్నె అనుకోండి, కాకపోతే బ్రూక్లిన్ వైపుది 168 అడుగుల పొడుగు, 102 అడుగుల వెడల్పు. 1870 మార్చిలో దాన్ని ఓడలాగా నీళ్లలోకి దింపి, స్తంభం రావాల్సిన చోటికి లాక్కొచ్చారు. పైన రాళ్లు పేర్చుకుంటూ పోతే బరువుకు అది అడుగుకు దిగుతుంది. లోపలికి గాలి పంపు చేసి నీళ్లను బయటికి తోస్తారు. ఆ గాలి గదిలో కూలీలు మట్టి తవ్వుతుంటే పెట్టె ఇంకా దిగుతుంది. పైన స్తంభం లేస్తుంది, కింద పునాది దిగుతుంది, రెండు పనులూ ఒకేసారి.

లోపల ఉక్కపోత, బురద, గ్యాస్ దీపాల వెలుగు. గాలి ఒత్తిడికి మనిషి గొంతు సన్నగా పీలగా వినిపించేది. కొవ్వొత్తి ఊదితే ఆరి, మళ్లీ తనంతట తానే అంటుకునేది. బ్రూక్లిన్ వైపు పెద్ద పెద్ద బండలు తగిలాయి. వారానికి ఆరంగుళాలు దిగడమే గగనమైంది. మందుపాతర పెడదామంటే, ఆ గాలిలో పేలుడుకు కూలీల చెవులు పగులుతాయేమో, పెట్టె చీలుతుందేమో అని భయం. వాషింగ్టన్ రోబ్లింగ్ ముందు పిస్తోలు కాల్చి చూశాడు, తర్వాత చిన్న చిన్న మందు పెట్టాడు. ఏమీ కాలేదు. అక్కడి నుంచి పని ఊపందుకుంది.

1870 డిసెంబర్‌లో అసలు గండం వచ్చింది. పైకప్పు కలప సందుల్లో నిప్పు అంటుకొని పైకి కనిపించకుండా లోలోపల పాకింది. ఒత్తిడి గాలి దాన్ని ఇంకా రాజేసింది. ఆరిపోయిందని అనుకున్నాక కూడా తొలిచి చూస్తే లోపల కణకణలాడే బొగ్గు. చివరికి పెట్టెను రెండున్నర రోజులు నీళ్లతో నింపేశారు. ఆ తర్వాత మాడిన కలపంతా గీకి తీసి, ఆ బొరియల్లో సిమెంటు నింపడానికి నెలల పాటు వడ్రంగులు పనిచేశారు. కాలిన కప్పు మీద స్తంభం నిలబెట్టడానికి వాషింగ్టన్ ఒప్పుకోలేదు. నేనైతే ఈ వంతెన కథలో స్తంభాల ఎత్తు కన్నా ఈ బొరియల పూడికనే ముందు చెప్తాను.

బ్రూక్లిన్ పునాది 44 అడుగుల 6 అంగుళాల దగ్గర ఆగింది.

కూలీలకు వచ్చిన రోగం ఏంటిది?

కైసన్ జబ్బు. న్యూయార్క్ వైపు పెట్టె ఇంకా లోతుకు పోయింది, గాలి ఒత్తిడి ఇంకా పెరిగింది. పైకి వచ్చాక కీళ్లు మెలిపెట్టినట్టు నొప్పి, వాంతులు, కాళ్లు పడిపోవడం. కంపెనీ డాక్టరు ఆండ్రూ స్మిత్ 110 కేసులు రాసిపెట్టాడు. ముగ్గురు దానివల్లే చనిపోయారు. ఒత్తిడిలో ఉన్నప్పుడు నైట్రోజన్ రక్తంలో కరుగుతుంది. గబుక్కున బయటికి వస్తే సోడా బుడగల్లాగా పొంగుతుంది. మెల్లగా ఒత్తిడి తగ్గిస్తూ పైకి తేవాలి. ఈ కారణాన్ని ఫ్రాన్స్ శాస్త్రవేత్త పాల్ బెర్ 1878లో ప్రకటించాడు. అప్పటికి పునాదులు ముగిసి ఆరేళ్లు.

కూలి రోజుకు 2 డాలర్లతో మొదలై 2.25 అయింది. ఐరిష్, జర్మన్, ఇటాలియన్ వలస కూలీలు ఎక్కువ. 1872 మేలో 3 డాలర్లు కావాలని పని బంద్ పెట్టారు.

న్యూయార్క్ స్తంభం రాతి మీద కాదు, ఇసుక మీద నిలబడిందట. నిజమా?

నిజం. 78 అడుగుల 6 అంగుళాల లోతున గట్టి ఇసుక వచ్చింది. శిల ఇంకా కింద, అదీ ఎగుడుదిగుడుగా ఉంది. అక్కడిదాకా పోవాలంటే ఇంకెంతమంది చస్తారో లెక్కలేదు. అప్పటికే మనుషులు పోతున్నారు. ఆ ఇసుక యుగాలుగా కదలకుండా బిగుసుకొని ఉందని తేల్చుకొని, 1872 మే 18న ఆపెయ్యమన్నాడు వాషింగ్టన్. ఒకటిన్నర శతాబ్దం దాటినా స్తంభం అక్కడే ఉంది.

మేడిగడ్డ బ్యారేజీలో 2023 అక్టోబర్‌లో పియర్లు (స్తంభాలు) కుంగినప్పటి నుంచి "ఇసుక మీద కడితే ఇంతే" అనే మాట మన దగ్గర బాగా తిరుగుతోంది. అలా గంపగుత్తగా అనేస్తే రామప్పకు అన్యాయం. 1213 నాటి ఆ గుడి పునాది ఇసుక పెట్టె పద్ధతిలోనే వేశారు. ఇసుక చుట్టూ కట్టుదిట్టంగా ఉండి, ఎటూ జారకుండా, నీళ్లు దాన్ని మోసుకుపోకుండా ఉంటే బరువు మోస్తుంది. కింది నుంచి నీళ్లు ఇసుకను లాక్కుపోతే పైన ఎంత కాంక్రీటు ఉన్నా దండగే. మేడిగడ్డను పరిశీలించిన డ్యామ్ సేఫ్టీ అథారిటీ కూడా పునాది కింది ఇసుక కొట్టుకుపోవడాన్ని ఎత్తిచూపింది. ఈస్ట్ రివర్‌లో పెట్టె గోడలు ఆ లోతుదాకా దిగి ఉన్నాయి, లోపలంతా కాంక్రీటుతో నింపారు. అడుగున ఉన్న ఇసుకను ప్రవాహం తాకే దారి లేదు.

చీఫ్ ఇంజినీరే మంచాన పడ్డాడట, మరి పని ఎవరు చూశారు?

వాషింగ్టన్ కూలీలతో పాటు పెట్టెలోకి దిగేవాడు, అందరికన్నా ఎక్కువసేపు ఉండేవాడు. 1872లో కైసన్ జబ్బు ఆయన్నీ పట్టింది. చూపు, నరాలు దెబ్బతిన్నాయి. నలుగురు మాట్లాడితే తట్టుకోలేకపోయేవాడు. తర్వాత్తర్వాత బ్రూక్లిన్ హైట్స్‌లోని ఇంటి కిటికీ నుంచి దూరదర్శినితో పని చూసేవాడు.

ఎమిలీ వారెన్ రోబ్లింగ్ మొదట ఆయన చెప్పింది రాసిపెట్టేది. రాస్తూ రాస్తూ కేబుల్ వంపు గణితం, లోహాల బలం, కాంట్రాక్టు షరతులు నేర్చుకుంది. రోజూ పనికాడికి పోయి అసిస్టెంట్ ఇంజినీర్లకు చెప్పేది, వాళ్ల సందేహాలు తెచ్చేది. కంపెనీ పెద్దలతో, రాజకీయ నాయకులతో మాట్లాడేది. కొందరు కాంట్రాక్టర్లు ఆమెనే అసలు ఇంజినీరు అనుకున్నారు. 1882లో రోగిష్టి మనిషిని తప్పించాలని బ్రూక్లిన్ మేయర్ సేత్ లో పట్టుబట్టాడు. ఓటింగ్‌లో 10-7 తేడాతో వాషింగ్టన్ నిలిచాడు.

డిజైన్ అంతా ఎమిలీదే అని సోషల్ మీడియాలో తిరిగే పోస్టులు నమ్మొద్దు, డిజైన్ మామది, అల్లుకొచ్చిన మార్పులు భర్తవి. పదేళ్లకు పైగా పనిని నడిపించింది మాత్రం ఆమె. నడిపించడం తక్కువ పని అనుకునేవాళ్లు ఏదైనా ఒక సైటులో నెల రోజులు ఉండి చూడాలి. తర్వాత ఆమె న్యూయార్క్ యూనివర్సిటీలో న్యాయశాస్త్రం చదివి 1899లో సర్టిఫికెట్ తీసుకుంది. 1903లో చనిపోయింది. మంచాన పడ్డ భర్త 1926 దాకా, 89 ఏళ్లు బతికాడు.

తీగల్లో మోసం జరిగిందంటారు. ఆ నాసిరకం తీగలు ఇంకా ఉన్నాయా?

ఉన్నాయి. పైనున్న కేబుళ్లలోనే ఉన్నాయి.

సంగతి ఇది. ఒక్కో కేబుల్‌లో 5,434 ఉక్కు తీగలు. వేలాడే వంతెన కేబుళ్లకు ఉక్కు తీగ వాడటం అదే మొదలు. తుప్పు పట్టకుండా జింకు పూత. రోబ్లింగ్ కుటుంబానిదే మంచి తీగల కార్ఖానా. కానీ చీఫ్ ఇంజినీరుకు వాటా ఉన్న సంస్థకు కాంట్రాక్టు ఇవ్వడం తగదని బోర్డు సభ్యుడు ఏబ్రహం హ్యూయిట్ తీర్మానం చేయించాడు. వినడానికి న్యాయంగానే ఉంది. వాషింగ్టన్ తన వాటాలు అమ్ముకున్నాడు కూడా. అయినా కాంట్రాక్టు బ్రూక్లిన్‌కు చెందిన లాయిడ్ హేగ్‌కు పోయింది.

పరీక్షలో నెగ్గిన తీగ చుట్టలు బండికెక్కేవి. దారిలో అవి మాయమై, పరీక్షలో తప్పిన చుట్టలు సైటుకు చేరేవి. నెగ్గిన చుట్టలు మళ్లీ కార్ఖానాకు వచ్చి మళ్లీ పరీక్షకు నిలబడేవి! 1878లో గుట్టు బయటపడేసరికి చాలా తీగ కేబుళ్లలో అల్లేశారు. ఊడదీయడం కుదరదు.

వాషింగ్టన్ లెక్క వేశాడు. మోయాల్సిన బరువుకు ఆరు రెట్లు మోసేలా కేబుళ్లను డిజైన్ చేశారు. దొంగ తీగ పోను కనీసం ఐదు రెట్లు మిగులుతుంది. అయినా ఊరుకోకుండా, ఒక్కో కేబుల్‌కు 150 మంచి తీగలు అదనంగా, హేగ్ ఖర్చు మీదే వేయించాడు. పైగా తండ్రి పెట్టిన ఏటవాలు తీగలు ఉండనే ఉన్నాయి. హేగ్ తర్వాత వేరే మోసం కేసులో జైలుకు పోయాడు. బిల్లుకూ సైటుకూ మధ్య దారిలో ఏం జరుగుతుందో మన కాంట్రాక్టు పనులు చూసినవాళ్లకు కొత్త కాదు. అలా జరగొచ్చని ముందే అనుకొని మిగులు బలం పెట్టుకున్న డిజైన్ మాత్రం అరుదు.

మొదట ఎవరు దాటారు?

తీగ మీద దాటింది ఫారింగ్టన్ అనే మేస్త్రీ. 1876 ఆగస్టు 25న, రెండు స్తంభాల మధ్య మొదటి తాడు పడ్డాక, చిన్న పలక మీద కూర్చొని వేలాడుతూ పోయాడు. వయసు అరవైకి దగ్గర. రోడ్డు అయ్యాక బండిలో మొదట దాటింది ఎమిలీ, ఒళ్లో కోడిపుంజుతో. గెలుపుకు గుర్తట.

ప్రారంభం నాడు తొక్కిసలాట జరిగిందా?

ప్రారంభం నాడు కాదు. 1883 మే 24న అధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్ వచ్చి తెరిచాడు. ఆ ఒక్కరోజు లక్షా యాభై వేల మంది నడిచారు. వాషింగ్టన్ రాలేకపోయాడు, అధ్యక్షుడే ఆయన ఇంటికి పోయి చేయి కలిపాడు. వారం తిరగకముందే, మే 30 సెలవు నాడు, న్యూయార్క్ వైపు ఇరుకు మెట్ల దగ్గర ఒక మహిళ జారిపడింది. కేకలు విని వంతెన కూలుతోందని పుకారు లేచింది. 12 మంది నలిగి చనిపోయారు. మేడారం జాతరలో జంపన్నవాగు దగ్గర జనం ఎట్లా తోసుకొస్తారో చూసినవాళ్లకు, కూలేది వంతెన కాకున్నా ప్రాణాలు పోతాయని తెలుసు.

మరుసటి ఏడు మేలో సర్కస్ యజమాని బార్నమ్ 21 ఏనుగులను దాటించాడు. ప్రచారం ఆయనకు, నమ్మకం వంతెనకు.

ఖర్చెంత? ఎంతమంది పోయారు?

సుమారు కోటిన్నర డాలర్లు. పద్నాలుగేళ్లలో ఇరవై మందికి పైగా చనిపోయారు, మొదటివాడు డిజైన్ చేసిన జాన్ రోబ్లింగే.

గాలికి ఊగదా?

2024 ఏప్రిల్‌లో ఓడేడు దగ్గర మానేరు మీద కడుతున్న వంతెన గర్డర్లు ఈదురుగాలికి పడ్డాక ఈ ప్రశ్న ఎక్కువైంది. అది వేరే రకం వంతెన, అదీ పని పూర్తికానిది. వేలాడే వంతెనకు గాలి భయం ఇంకోలా ఉంటుంది. 1940 నవంబర్‌లో అమెరికాలోనే టకోమా వంతెన మోస్తరు గాలికే మెలికలు తిరిగి తెగిపడింది. కారణం దాని రోడ్డు మరీ పలచన. బ్రూక్లిన్‌లో రోడ్డు పొడవునా లోతైన ఉక్కు ట్రస్సులు (కమ్మీలతో అల్లిన చట్రాలు), పైన ఏటవాలు తీగలు ఉన్నాయి. కదలిక ఉంటుంది, కానీ నడిచేవాళ్లకు తెలిసేది కింద పోయే కార్ల అదురే.

"బ్రూక్లిన్ బ్రిడ్జి అమ్మేశాడు" అంటారు, ఏంటిది?

జార్జ్ పార్కర్ అనే మోసగాడు కొత్తగా ఓడ దిగినవాళ్లకు వంతెనను అమ్మిన కథలు. మన దగ్గర చార్మినార్ అమ్మే బాపతు.

మావోడు దిగిన ఫోటోల ఎర్ర బిల్డింగుల నడుమ నీలి రంగు వంతెన ఉన్నది. మీరు చెప్పేది రాతి వంతెన గదా?

ఆ ఫోటో బ్రూక్లిన్ ఒడ్డున డంబో అనే పేటలోని వాషింగ్టన్ వీధిలో దిగింది. వెనక కనిపించేది మన్‌హాటన్ బ్రిడ్జి, పక్కది. వాట్సాప్ స్టేటస్‌లలో సగం మంది దాన్నే బ్రూక్లిన్ అని పెడతారు. బ్రూక్లిన్‌కు గుర్తు రాతి స్తంభం, దాంట్లో మొనదేలిన రెండు కమానులు.

పెద్దవాళ్లు నడవగలరా? టికెట్ ఎంత?

టికెట్ లేదు. ఒకప్పుడు నడిచేవాళ్లకు ఒక సెంటు ఉండేది, 1891లో తీసేశారు. మొత్తం నడక 1.8 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మధ్యదాకా మెల్లగా ఎక్కుడు, అక్కడి నుంచి దిగుడు. పైన నీడ లేదు, బాత్రూం లేదు. 2024 జనవరి నుంచి వంతెన మీద అమ్మకాలు నిషేధం, కాబట్టి నీళ్ల సీసా వెంట పెట్టుకోండి. మోకాళ్లు నొప్పులున్నవాళ్లు మొదటి స్తంభం దాకా పోయి వెనక్కి రావచ్చు, చూడాల్సిన తీగలు అక్కడే దగ్గరగా కనిపిస్తాయి. జెర్సీ నుంచి పాత్ (PATH) రైల్లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ దిగితే, సిటీ హాల్ పక్కనున్న వంతెన మొదలుకు నడిచే పోవచ్చు. ఎండకాలంలో పొద్దున్నే పోవడం మేలు. పదింటికల్లా జనం ఎక్కువైతారు.

ఇప్పటికీ బండ్లు పోతున్నాయా?

కార్లు పోతాయి, లారీలు పోవు. రైళ్లు 1944లో, ట్రాములు 1950లో ఆగిపోయాయి, ఆ తర్వాత ఇంజినీరు డేవిడ్ స్టైన్‌మన్ ఆధ్వర్యంలో ట్రస్సులు మార్చి రోడ్డును ఆరు వరసలు చేశారు. 2021లో ఒక వరస సైకిళ్లకు ఇచ్చారు, దాంతో పైన నడకదారి నడిచేవాళ్లకే మిగిలింది. 2025 మేలో మెక్సికో నౌకాదళపు శిక్షణ ఓడ ఒకటి అదుపు తప్పి దాని కిందికి కొట్టుకొచ్చింది. తెరచాప కొయ్యలు వంతెనకు తగిలి విరిగాయి, ఓడలో ఇద్దరు చనిపోయారు. వంతెనను తనిఖీ చేసి ఆ రాత్రే మళ్లీ తెరిచారు.